బేస్‌బాల్ క్యాచర్: బ్యాటుతో రాణించే తారా, పిచర్లను నడిపించే నేర్పరా?

ఎమ్మెస్కే ప్రసాద్‌ను భారత టెస్టు జట్టుకు అందించిన మా గుంటూరులో వికెట్ కీపర్ విలువను విడమరచి చెప్పనక్కరలేదు. అయితే బేస్‌బాల్ క్యాచర్ బాధ్యత అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే ఏ బంతి వేయాలో వేళ్ల సైగలతోనో, 2022 నుంచి వచ్చిన మీటల పరికరంతోనో పిచర్‌కు, అంటే మన బౌలర్‌లా బంతి విసిరే ఆటగాడికి, సూచించేది సాధారణంగా అతడే.

తార ఉంటే కలిగే లాభానికి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ మంచి ఉదాహరణ. బస్టర్ పోజీ ఉన్న ఆ జట్టు 2010, 2012, 2014లలో అమెరికా బేస్‌బాల్ టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్ గెలిచింది. 2012లో అతడు 0.336 సగటుతో (అంటే సుమారు మూడు ప్రయత్నాలకు ఒక హిట్) అక్కడి రెండు ప్రధాన లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్ బ్యాటర్లలో అగ్రస్థానాన నిలిచాడు.

మరోవైపు 2022 విజేత హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ప్రధాన క్యాచర్‌గా ఉన్న మార్టిన్ మాల్డొనాడో సగటు ఆ ఏడాది 0.186 మాత్రమే. (మన వీధి జట్టులోనైతే అతణ్ణి చివరి వికెట్‌కు దింపేవారు.) అయినా లోటు తెలియలేదు, ఎందుకంటే ఆ పిచర్లకు అతడి సూచనల మీద గురి కుదిరింది, పరుగుల భారాన్ని యోర్డాన్ ఆల్వరెజ్ వంటివారు మోశారు.

పైగా 162 మ్యాచ్‌ల సీజన్‌లో గొంతుకూర్చుని బంతులు పట్టడం మోకాళ్లను అరగదీసే పని కనుక, ఎంత తారకైనా తరచూ విశ్రాంతినివ్వక తప్పదు. అందుకే డబ్బు పరిమితమైతే నేను ముందు పిచర్లను కొని, వారి మనసెరిగిన క్యాచర్‌తో సరిపెట్టుకుంటాను.