టార్క్ రెంచ్: ఏళ్ల తరబడి వాడాక ఏది నమ్ముతున్నాను

టార్క్ రెంచ్ అంటే బోల్టునో నట్టునో చెప్పినంత తిప్పే బలంతోనే బిగించడానికి వాడే పానా. ఆ తిప్పే బలమే టార్క్, దాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. నా దగ్గర అలాంటివి మూడున్నాయి. అరంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు తల కొలత) క్లిక్ రకం ఒకటి, అంటే ముందుగా పెట్టిన అంకె చేరగానే టక్ మనేది, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా. పావంగుళం డ్రైవ్‌ది ఇంకొకటి, 5 నుంచి 25 దాకా, అదీ క్లిక్ రకమే. మూడోది ముల్లు, స్కేలు ఉన్న పాతకాలపు బీమ్ రకం. కారు పనులు ఇంట్లో చేసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇవే వాడుతున్నాను. ఇవి కాక ఒక స్నేహితుడి డిజిటల్ రెంచ్ కొన్నాళ్లు నా దగ్గరే ఉంది.

కొనేటప్పుడు అందరం చూసేది పెద్ద అంకె. 200 దాకా వెళ్తుందంటే అన్నిటికీ సరిపోతుందనిపిస్తుంది. నిజానికి చూడాల్సింది కింది అంకె. క్లిక్ రకం రెంచ్‌ల కచ్చితత్వానికి సాధారణంగా హామీ ఉండేది గరిష్ఠ విలువలో 20 శాతం నుంచి పైకి మాత్రమే. అందుకే 200ది 40 దగ్గర మొదలవుతుంది. చిన్న కార్ల వీల్ నట్లకు తరచుగా 85 నుంచి 110 దాకా కావాలి, వాటికది బాగానే పనికొస్తుంది. కానీ ఆయిల్ డ్రైన్ బోల్టు చాలా ఇంజిన్లలో 25 నుంచి 40 మధ్య ఉంటుంది. స్పార్క్ ప్లగ్గులూ అంతకంటే తక్కువలోనో, ఆ దాపులోనో ఉంటాయి. అంటే నా రెండు క్లిక్ రెంచ్‌ల మధ్య ఉన్న ఖాళీలోనే సగం పని ఉంది! ఆ ఖాళీని ఇన్నాళ్లూ బీమ్ రెంచే పూడుస్తోంది. మొదటిసారి ఒక్కటే కొనేవాళ్లకు నా సలహా మూడు బై ఎనిమిది అంగుళాల డ్రైవ్‌ది, 20 నుంచి 100 దాకా వెళ్లేది. వీల్ నట్లకు 110 అడిగే కారైతే మాత్రం అది చాలదు, మాన్యువల్ చూసుకుని కొనండి.

పెట్టెలో కచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం అని ఒక కాగితం వస్తుంది. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 10 న్యూటన్ మీటర్ల పైబడిన క్లిక్ రెంచ్‌లకు అడిగేది అంతే. ఆ కాగితం రెంచ్ బయల్దేరిన రోజు సంగతి చెబుతుంది, దారిలో ఎన్నిసార్లు కింద పడిందో చెప్పదు. అందుకని క్లిక్ రెంచ్‌లను నేను బరువు వేలాడదీసి చూసుకుంటాను. రెంచ్ చదరపు తలను బెంచ్ వైస్‌లో బిగించి, కాడను అడ్డంగా ఉంచి, పట్టు మధ్యలో తెలిసిన బరువు కట్టాలి. బరువు కిందికి లాగితే బిగించే వైపే తిరగాలి. తల మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో 15 కిలోలు వేలాడితే దాదాపు 59 న్యూటన్ మీటర్లు. రెంచ్ సొంత బరువునూ కలుపుకోవాలి, చాలామంది వదిలేసేది ఇదే. కిలోన్నర రెంచ్ బరువు కేంద్రం తల నుంచి 20 సెంటీమీటర్ల దగ్గరుంటే మరో 3 కలుస్తుంది. మొత్తం 62. ఇప్పుడు సెట్టింగ్‌ను 70 దగ్గర పెట్టి, కొంచెం కొంచెం తగ్గిస్తూ, ప్రతిసారీ బరువును మెల్లగా వదలాలి. నాది 63 దగ్గర టక్ మంది. అంతకన్నా ఏం కావాలి? బరువు మార్చి 100 దగ్గర కూడా ఒకసారి చూస్తాను, ఎందుకంటే ఒక్క చోట సరిపోయినంత మాత్రాన స్కేలంతా సరిగ్గా ఉన్నట్టు కాదు.

పావంగుళం దాని మీద మాత్రం నాకు కాస్త ఫిర్యాదుంది. సెట్టింగ్ లాక్ చేసే రింగు కొన్నాళ్లకు వదులై, పని మధ్యలో అంకె దానంతటదే జరగడం మొదలైంది. ఇప్పుడు ప్రతి బోల్టుకూ ముందు స్కేలు చూసుకోవాల్సి వస్తోంది. పైగా 8, 10 దగ్గర దాని టక్ చెవికి వినపడదు, వేళ్లకు తెలియాలి. చేతికి మందపాటి గ్లవ్స్ ఉంటే అదీ తెలియదు. టక్ మన్నాక రెంచ్ ఆగిపోదు కదా, లాగుతూనే ఉంటే బోల్టు బిగుస్తూనే ఉంటుంది. అల్యూమినియంలోకి దిగే 6 మిల్లీమీటర్ల బోల్టుకు మర పోవడానికి ఎక్కువసేపు పట్టదు.

బీమ్ రకానికి ఈ బాధలేవీ లేవు. స్ప్రింగ్ లేదు, వదులయ్యేది లేదు, వాడాక వెనక్కి తిప్పి పెట్టే పనీ లేదు (క్లిక్ రకాన్ని స్కేలులోని కనిష్ఠ గీత దాకా తిప్పి పెట్టాలి, దాని కిందికి కాదు). బరువు లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉందా లేదా అని చూస్తే చాలు. కష్టమల్లా స్కేలుకు ఎదురుగా కన్ను పెట్టాలి. కారు కింద పడుకుని పక్క నుంచి చూస్తే ముల్లు వేరే చోట ఉన్నట్టు కనిపిస్తుంది.

డిజిటల్ నాకు బాగా నచ్చింది ఒక్క విషయంలోనే, కోణం చూపించడంలో. సిలిండర్ హెడ్ బోల్టులు చాలా ఇంజిన్లలో ఇంత టార్క్, ఆ తర్వాత 90 డిగ్రీలు అన్నట్టు ఉంటాయి. ఆ పని మీ జాబితాలో లేకపోతే బ్యాటరీ ఉన్న పనిముట్టుకు అంత డబ్బు పెట్టాల్సిన పని నాకు కనపడలేదు.

ఒకటి రెండు శాతం మెరుగైన దానికోసం రెట్టింపు ఖర్చు పెట్టాలా అని అడిగితే, వద్దంటాను. మనం వేసే టార్క్‌లో దాదాపు 90 శాతం బోల్టు తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి నిజంగా పట్టు ఇచ్చేది మిగిలిన పదోవంతే. మరకు నూనె పూస్తే రాపిడి తగ్గుతుంది, అదే అంకె దగ్గర బోల్టు చాలా ఎక్కువ బిగుస్తుంది. తుప్పు పడితే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. ఆ తేడా ముందు 4 శాతం ఏపాటిది? మాన్యువల్ నూనె రాయమని ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ అంకెలు సాధారణంగా పొడి మరలకే. అందుకే రెంచ్ తీసే ముందు నా చేతిలో వైర్ బ్రష్ ఉంటుంది.

టైర్ల షాపులో గన్‌తో బిగించిన వీల్ నట్లను ఇంటికొచ్చి టార్క్ రెంచ్‌తో సరిచూసుకునేవాళ్లకు ఒక మాట. రెంచ్ వెంటనే టక్ మంటే ఆ నట్టు అంతకంటే తక్కువ లేదని మాత్రమే తెలుస్తుంది. రెట్టింపు బిగిసి ఉన్నా అలాగే టక్ మంటుంది. నేనైతే నట్లన్నీ మామూలు పానాతో వదులు చేసి, టైరు నేలకు తాకీ తాకనట్టు ఉండగా, ఒకటి విడిచి ఒకటి మళ్లీ బిగిస్తాను. వదులు చేయడానికి టార్క్ రెంచ్ ముట్టుకోను.