మూడున్నరేళ్లుగా మా మేడ గదిలో కే3ఎస్, దాని ముందు ఎన్వాయ్

మేం ముగ్గురు స్నేహితులం కలిసి ట్యూషన్ సెంటర్లకు హాజరు, ఫీజుల యాప్ నడుపుతున్నాం. దాని టెస్టింగ్ అంతా కాకినాడలో మా మేడ గదిలో, 4 జీబీ ర్యామ్ ఉన్న మూడు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుల మీద జరుగుతుంది. ఆ మూడింటినీ ఒక గుంపుగా, అంటే క్లస్టర్‌గా నడిపేది కే3ఎస్. దాని ముందు నిలబడి బయటి రిక్వెస్టులు అందుకునే ప్రాక్సీ ఎన్వాయ్. ఈ మధ్యే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు "కే3ఎస్ పనికొస్తుందా అన్నా?" అని అడుగుతున్నారు. పనికొస్తుంది. అయితే ఇన్‌స్టాల్ చేయడం ఎంత తేలికో, దాన్ని ఏళ్ల తరబడి చూసుకోవడం అంత తేలిక కాదు. ఆ తేడా ఎక్కడెక్కడ తగిలిందో చెప్తాను.

కుబర్నెటీస్ అంటే గ్రీకులో చుక్కాని పట్టేవాడు. గోదావరి లాంచీ మీద సరంగు అంటామే, ఆయనన్నమాట. ఏ కంటెయినర్ (ప్రోగ్రాంనూ దానికి కావాల్సినవాటినీ కలిపి కట్టిన మూట) ఏ మిషన్ మీద నడవాలి, పడిపోతే మళ్లీ ఎక్కడ లేపాలి అన్నది చూసుకుంటుంది. ఆ పేరులో ఇంగ్లీషులో 10 అక్షరాలు, మొదటి కే, చివరి ఎస్ మధ్య 8 ఉంటాయి, అందుకే కే8ఎస్ అంటారు. దానికి సగం మెమరీ చాలేలా చేయాలని 2019లో రాంచర్ ల్యాబ్స్ వాళ్లు తెచ్చిన దానికి, 5 అక్షరాల లెక్కన కే3ఎస్ అని పేరు పెట్టారు. మొత్తం 100 ఎంబీ లోపు ఒకే ఫైలు. నెట్‌వర్కింగ్‌కు ఫ్లానెల్, పేర్లు వెతకడానికి కోర్‌డీఎన్ఎస్, బయటి రిక్వెస్టులు తీసుకోవడానికి ట్రేఫిక్ అనే ప్రాక్సీ, అన్నీ దానితోనే వస్తాయి.

ల్యాప్‌టాప్ మీద ఒక్క కమాండ్‌తో లేచింది. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద మాత్రం మొదటి రోజు సాయంత్రమంతా లేవలేదు. బూట్ ఫైల్లో మెమరీ సీగ్రూప్‌ను (ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ వాడాలో హద్దు పెట్టే లినక్స్ సదుపాయాన్ని) ఆన్ చేయాలి, అంతే. డాక్యుమెంటేషన్‌లో ఉంది, నేను చదవలేదు. క్లస్టర్‌లోని ఒక్కో మిషన్‌ను నోడ్ అంటారు. క్లస్టర్‌ను నడిపించే సర్వర్ నోడ్‌కు 2 జీబీ ర్యామ్, అది చెప్పిన పని చేసే ఏజెంట్‌కు 512 ఎంబీ అయినా ఉండాలన్న మాటను కూడా తేలిగ్గా తీసుకోకండి.

మొదటి ఏడాది ఒకటే సర్వర్, రెండు ఏజెంట్లు. ఒకే సర్వర్ ఉంటే కే3ఎస్ తన లెక్కలన్నీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో రాసుకుంటుంది, హాయిగా నడుస్తుంది. తర్వాత మూడింటినీ సర్వర్లు చేసి, లోపలే ఉండే ఈటీసీడీకి, అంటే అన్ని సర్వర్ల మీదా ఒకే లెక్క ఉంచే డేటాబేస్‌కు మారాను. మూడుంటే ఒకటి పడిపోయినా క్లస్టర్ నిలుస్తుంది. రెండుంటే ఒకటి పోగానే ఆగిపోతుంది, అంటే రెండో సర్వర్ పెట్టి లాభం లేదు. మార్చడం సులువే, అసలు కష్టం ఎస్‌డీ కార్డుల దగ్గర మొదలైంది. ఈటీసీడీ ప్రతి మార్పునూ డిస్కు మీద పూర్తిగా రాశాకే ముందుకు కదులుతుంది. కార్డు నెమ్మదిస్తే మిగతా నోడ్లు తమలో ముందుండి రాసే లీడర్ నోడ్ పోయిందనుకుని మళ్లీ ఎన్నిక పెట్టుకుంటాయి. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన ఒక రోజు ఒక కార్డు చదవడానికే రాలేదు. ఆ వారమే మూడింటికీ యూఎస్‌బీ ఎస్ఎస్‌డీలు, చిన్న యూపీఎస్ కొన్నాం. బోర్డుల ఖర్చు లెక్క వేసుకునేటప్పుడే ఇది కూడా వేసుకోండి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ స్టోరేజ్ దగ్గర తగిలింది. కే3ఎస్‌తో వచ్చే లోకల్ పాత్ స్టోరేజ్, డేటాను ఆ పాడ్ (కుబర్నెటీస్ ఒక్కటిగా నడిపే కంటెయినర్ల జట్టు) నడిచే నోడ్ డిస్కులోనే పెడుతుంది. నోడ్ పోతే పాడ్ వేరే చోటికి వెళ్తుందని నేను ధీమాగా ఉన్నాను. వెళ్లదు. డేటా ఏ నోడ్‌లో ఉంటే పాడ్ ఆ నోడ్‌కే కట్టుబడి ఉంటుంది. ఆ కార్డు పోయిన రోజు మా డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ పాడ్ గంటల తరబడి పెండింగ్‌లోనే ఉండిపోయింది. నిన్నటి బ్యాకప్ ఉంది కాబట్టి టెస్ట్ డేటా ఒక రోజుదే పోయింది. ఇప్పుడు డేటాబేస్‌ను క్లస్టర్ బయట, పాత ల్యాప్‌టాప్ మీద విడిగా నడుపుతున్నాం. చిన్న టీములకు నేను గట్టిగా చెప్పేది ఇదే: స్టోరేజ్ సంగతి తేలేదాకా డేటాబేస్‌ను లోపల పెట్టకండి.

క్లస్టర్‌లో ఎవరెవరో గుర్తుపట్టడానికి కే3ఎస్ వాడే సర్టిఫికెట్ల టెన్షన్ ఏడాదికోసారి. వాటి గడువు 365 రోజులు. గడువు దగ్గరపడ్డాక కే3ఎస్‌ను రీస్టార్ట్ చేస్తే అవే కొత్తవి అవుతాయి. కానీ మన ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్న కాన్ఫిగ్ ఫైల్లో పాత సర్టిఫికెట్టే ఉంటుంది. క్లస్టర్ బ్రహ్మాండంగా నడుస్తుంటే నన్ను మాత్రం లోపలికి రానివ్వలేదు. కొత్త ఫైలు తెచ్చుకున్నాక సరిపోయింది.

ఇక ప్రాక్సీ. ట్రేఫిక్ మంచిదే, మామూలు రూటింగ్‌కు అది చాలు. దాని సెట్టింగులు మార్చాలంటే హెల్మ్ చార్ట్ కాన్ఫిగ్ అనే వేరే ఫైలు రాయాలి. ఉన్న ఫైల్లోనే దిద్దితే రీస్టార్ట్‌లో మన మార్పులు పోతాయి. మాకు ఎన్వాయ్ కావాల్సి రావడానికి కారణం వేరు. మా పాత ఆండ్రాయిడ్ యాప్ లాగిన్ టోకెన్‌ను (లాగిన్ అయినవాళ్లను గుర్తించే రహస్య కోడ్‌ను) యూఆర్ఎల్‌లో పంపేది. అలా పంపితే ప్రతి లాగ్ ఫైల్లోనూ టోకెన్ పడుతుంది. అప్‌డేట్ చేసుకోమని తల్లిదండ్రులకు ఎన్నిసార్లని చెప్తాం? 2016లో లిఫ్ట్ అనే అమెరికా క్యాబ్ కంపెనీ ఓపెన్ సోర్స్ చేసిన ఎన్వాయ్‌లో, మధ్యలో లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసుకోవచ్చు. 20 లైన్లతో టోకెన్‌ను యూఆర్ఎల్ నుంచి తీసి, రిక్వెస్ట్‌తో పాటు విడిగా వెళ్లే హెడర్‌లో పెట్టాం. వెనక ఉన్న సర్వీసుల్లో ఒక్క అక్షరం మార్చలేదు. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ సంతోషంలోనే తప్పులూ చేశాం. నిమిషానికి ఇన్నే రిక్వెస్టులు అని ఆపడానికి లువాలో ఒక కౌంటర్ పెట్టాం. లెక్క ఎప్పుడూ సరిపోయేది కాదు. ఎన్వాయ్ పనిని పక్కపక్కనే నడిచే వర్కర్ థ్రెడ్లు పంచుకుంటాయి, ఒక్కో థ్రెడ్‌కు విడిగా లువా ఉంటుంది, ఒకదాని లెక్క ఇంకోదానికి తెలియదు. అది తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. మరోసారి రిక్వెస్ట్ బాడీని, అంటే పంపే అసలు సమాచారాన్ని చదివే లైన్ ఒకటి చేర్చాం. మర్నాటి నుంచి పిల్లల ఫొటోలు ఎక్కడం మానేసి, పంపింది మరీ పెద్దదని చెప్పే 413 ఎర్రర్ వచ్చింది. బాడీ చదవాలంటే ఎన్వాయ్ దాన్నంతా మెమరీలో ఆపుకోవాలి, మామూలుగా దాని హద్దు 1 ఎంబీ. హద్దు పెంచలేదు. ఆ లైన్ తీసేసి, ఆ తనిఖీని యాప్ సర్వీసులోకే మార్చాం. హెడర్లు, దారి మళ్లించడం వరకే ప్రాక్సీలో రాయాలని అప్పటి నుంచి కట్టుబాటు పెట్టుకున్నాం.

ఎన్వాయ్ కాన్ఫిగ్ చాంతాడంత ఉంటుంది, అది నిజమే. కానీ దాని యాక్సెస్ లాగ్‌లో వచ్చే రెండక్షరాల గుర్తులు మాకు ఎన్నో రాత్రులు మిగిల్చాయి. యూహెచ్ ఉంటే వెనక ఆరోగ్యంగా ఉన్న సర్వర్ ఒక్కటీ లేదని, యూఎఫ్ అయితే కనెక్షన్ కుదరలేదని, ఎన్ఆర్ అయితే రూటే లేదని అర్థం. లోపం ఎక్కడుందో అర నిమిషంలో తెలుస్తుంది.

ఒకే మిషన్, రెండు కంటెయినర్లు ఉన్నవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు, ఒకే మిషన్ మీద కంటెయినర్లను కలిపి నడిపే డాకర్ కంపోజ్ చాలు. మిషన్లు రెండు మూడయ్యాక, కుబర్నెటీస్‌ను చేత్తో తాకి నేర్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం నిస్సంకోచంగా కే3ఎస్ పెట్టుకోండి. పెట్టిన రోజే ఒక పని చేయండి. ఈటీసీడీ వాడితే 12 గంటలకోసారి తన లెక్కలన్నిటి నకలు, అంటే స్నాప్‌షాట్ దానంతటదే తీస్తుంది, చివరి 5 ఉంచుతుంది. కానీ అవి అదే నోడ్ డిస్కులో ఉంటాయి కాబట్టి బయటికి కాపీ చేయాలి. వాటితో పాటు కే3ఎస్ సర్వర్ టోకెన్ అనే రహస్య కోడ్‌ను కూడా దాచాలి, అది లేకపోతే కొత్త మిషన్ మీద ఆ స్నాప్‌షాట్ తెరుచుకోదు. నేను దాన్ని కాగితం మీద రాసి బీరువాలో ఇంటి పత్రాల పక్కన పెట్టాను, ఎక్కడుందో మా ఆవిడకు కూడా చెప్పాను.