ఒక్క డి గ్రేడు పడ్డాక తీసుకున్న కౌన్సెలింగ్ సేవ: కాలిఫోర్నియా తల్లిదండ్రుల కోసం ఒక సమీక్ష

కాలిఫోర్నియాలో చదువుతున్న మా చిన్నబ్బాయికి పదో తరగతి మొదటి సెమిస్టరులో ఆల్జీబ్రా టూ అనే గణిత కోర్సులో డి గ్రేడు (ఫెయిల్ అయిన ఎఫ్‌కు ఒక్క మెట్టు పైన) రావడంతో, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు మీద దాని ప్రభావం ఎంతో తెలుసుకోవడానికి ఒక ప్రైవేటు అడ్మిషన్ కౌన్సెలింగ్ సంస్థ సేవను తీసుకున్నాము. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సంస్థలు చాలా ఉన్నాయి, అవి అమ్మే ప్యాకేజీలు కూడా ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి కనుక, ఆ సేవలో ఏ భాగానికి డబ్బు పెట్టవచ్చో, ఏ భాగానికి పెట్టనవసరం లేదో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా మెచ్చుకోవలసిన భాగం గురించి చెబుతాను. మొదటి సమావేశంలో కౌన్సెలర్ ట్రాన్స్‌క్రిప్టును (కోర్సులూ గ్రేడులూ ఉన్న పత్రాన్ని) ముందు పెట్టుకుని, ఒక్కొక్క కోర్సునూ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా నియమాలతో సరిచూసి వివరించారు. ప్రవేశానికి హైస్కూల్లో తప్పనిసరిగా చదవవలసిన, ఏ-జీ అని పిలిచే 15 కోర్సుల్లో ప్రతిదానిలోనూ కనీసం సి గ్రేడు ఉండాలని, రాష్ట్ర నివాసులకు కనీస జీపీఏ (ఏకు 4, బికి 3, సికి 2, డికి 1 చొప్పున వేసిన గ్రేడుల సగటు) 3.0 అని, ఇతర రాష్ట్రాల వారికి 3.4 అని చాలామంది తల్లిదండ్రులకు తెలుసు. కానీ ఆ జీపీఏ లెక్కలోకి తొమ్మిదో తరగతి ముగిసిన వేసవి నుంచి పదకొండో తరగతి తర్వాతి వేసవి వరకు చదివిన ఏ-జీ కోర్సులే వస్తాయని, ప్లస్సులూ మైనస్సులూ అసలు లెక్కలోకి రావని తెలిసినవారు తక్కువ. బి మైనస్ చూసి ఇంట్లో దిగులుపడే వారికి ఈ ఒక్క సంగతే పెద్ద ఊరట.

మా అబ్బాయి విషయంలో అసలు చిక్కుముడి డి గ్రేడు. గణితంలో రెండో సెమిస్టరులో సి గానీ అంతకన్నా మంచి గ్రేడు గానీ వస్తే మొదటి సెమిస్టరు డి వల్ల ఏర్పడిన లోటు తీరినట్టుగా విశ్వవిద్యాలయం పరిగణిస్తుంది. అంటే గణితంలో తప్పనిసరి కోర్సుల నియమం నెరవేరుతుంది, కానీ జీపీఏ లెక్కలో ఆ డి అలాగే ఉండిపోతుంది. అదే సెమిస్టరును వేసవిలో మళ్లీ చదివి సి గానీ ఆ పైన గానీ తెచ్చుకుంటే, పాత గ్రేడు స్థానంలో కొత్త గ్రేడు లెక్కలోకి వస్తుంది, అయితే దరఖాస్తులో రెండింటినీ చూపించాలి. సి వచ్చిన కోర్సును మళ్లీ చదివితే మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. ఈ తేడాను ఇంత స్పష్టంగా మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు, అందుకే ఆ సమావేశానికి పెట్టిన డబ్బు దండగ కాలేదని మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఆ గ్రేడు బరువు ఎంతో కూడా ఆయన లెక్క వేసి చూపించారు. రెండేళ్లలో సుమారు 20 సెమిస్టరు గ్రేడులు లెక్కలోకి వస్తాయనుకుంటే, బి రావలసిన చోట డి వచ్చినందువల్ల జీపీఏ 0.1 తగ్గుతుంది, ఏ రావలసిన చోట డి వస్తే 0.15 తగ్గుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ వంటి క్యాంపస్‌లలో కంప్యూటర్ సైన్స్ కోరుకునే వారికి ఈ తేడా చిన్నది కాదు. కనీస జీపీఏ 2.5 ఉన్న రాష్ట్ర నివాసులను అర్హులుగా చూసే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో, పోటీ తక్కువగా ఉన్న క్యాంపస్‌ల విషయానికి వస్తే, భయపడవలసినంత పెద్దదీ కాదు.

ఇక రెండో దశ నుంచి సేవ నాణ్యత పడిపోయింది. ప్రతి క్యాంపస్‌కూ ప్రవేశ అవకాశాన్ని శాతంలో చూపించే ఒక నివేదిక పంపారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తును 13 అంశాల ఆధారంగా చదువుతుంది. వాటిలో జీపీఏతో పాటు కోర్సుల కఠినత్వం, గ్రేడులు క్రమంగా మెరుగుపడిన తీరు, ఆ పాఠశాలలో విద్యార్థికి అందుబాటులో ఉన్న అవకాశాలు కూడా ఉన్నాయి. పదకొండో తరగతి గ్రేడులు ఇంకా రాని పిల్లవాడి అవకాశాన్ని ఒక శాతంగా ముద్రించి ఇస్తే, దానిని చూసి ఇంటిల్లిపాదీ కుంగిపోవడం తప్ప మరే ప్రయోజనమూ ఉండదు.

ఆ నివేదిక వెంటనే, తక్కువ గ్రేడును పూడ్చుకోవడానికంటూ, కాలేజీ ప్రవేశ పరీక్ష అయిన శాట్‌కు శిక్షణ ప్యాకేజీ కూడా తీసుకోమన్నారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రవేశ నిర్ణయంలో శాట్, దానిలాంటిదే అయిన యాక్ట్ పరీక్షల స్కోర్లను అసలు చూడదు. మేము దరఖాస్తు చేయదలచినది అక్కడికేనని మొదటి రోజే చెప్పాము. తెలిసి చేసినా తెలియక చేసినా, ఆందోళనలో ఉన్న తల్లిదండ్రులకు అవసరం లేని సేవను అంటగట్టడం నాకు తీవ్రంగా అభ్యంతరకరమనిపించింది.

టెక్సస్‌లో ఉన్న మా అక్క కూతురు కూడా ఇదే సంస్థను సంప్రదించింది. ఆమెకు మాకు పంపినట్టే సగటు జీపీఏ చుట్టూ తిరిగే నివేదిక వచ్చింది. అక్కడి పరిస్థితి వేరు. 1997లో వచ్చిన చట్టం ప్రకారం తరగతిలో మొదటి పది శాతంలో నిలిచిన విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంటుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు మాత్రం ఆ హద్దు ఇంకా తక్కువ, 2026 ఫాల్ (శరదృతువులో మొదలయ్యే సెమిస్టరు) ప్రవేశాల నుంచి అది ఐదు శాతం. అందువల్ల అక్కడ ఒక తక్కువ గ్రేడు సగటును ఎంత తగ్గించిందన్న దానికన్నా, తోటి విద్యార్థుల మధ్య ర్యాంకును ఆ హద్దు దాటించిందా లేదా అన్నదే ముఖ్యం. పైగా ఆస్టిన్ శాట్ లేదా యాక్ట్ స్కోరును మళ్లీ తప్పనిసరి చేసింది కాబట్టి, మాకు అక్కరలేని ఆ శిక్షణ ఆమెకు నిజంగా పనికివచ్చేది. ఆమెకు దాని ఊసే ఎత్తలేదు.

వ్యాస సహాయం ఫరవాలేదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తులోని ఎనిమిది ప్రశ్నల్లో ఎంచుకున్న నాలుగింటికి 350 పదాల లోపు రాయవలసిన జవాబుల్లో డి గ్రేడు కథను ఇరికించవద్దని, కారణం చెప్పదలిస్తే అదనపు వివరాల గడిలో రెండు మూడు వాక్యాల్లో చెప్పాలని ఇచ్చిన సలహా మంచిదే.

అడిగితే తప్ప చెప్పని విషయాలు రెండు ఉన్నాయి. ప్రవేశం లభించిన తర్వాత కూడా అది షరతులతో కూడినదే, పన్నెండో తరగతిలో డి గానీ ఎఫ్ గానీ వస్తే సీటు రద్దయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి అలాంటి గ్రేడు వచ్చిన వెంటనే క్యాంపస్‌కు తెలియజేయాలి. రెండోది కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల స్థానిక కాలేజీ) మార్గం. అక్కడ 60 సెమిస్టరు యూనిట్లు పూర్తి చేసి జూనియర్‌గా (డిగ్రీ మూడో ఏడాదిలోకి) యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బదిలీ అయ్యే విద్యార్థిని ప్రధానంగా కాలేజీ గ్రేడులతోనే అంచనా వేస్తారు. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు, నిర్దేశించిన షరతులు నెరవేర్చిన వారికి, బదిలీ ప్రవేశానికి ముందుగానే హామీ కూడా ఇస్తాయి. హైస్కూల్లో గ్రేడులు బాగా దెబ్బతిన్న పిల్లలకు ఇదే అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట.

మీరు ఇటువంటి సంస్థను ఎంచుకోవలసి వస్తే, ట్రాన్స్‌క్రిప్టు పరిశీలనకు ఒక్క సమావేశం మాత్రమే విడిగా కొనుక్కోండి, పూర్తి ప్యాకేజీకి సంతకం చేయకండి. దానికన్నా ముందు పాఠశాల కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ తీసుకుని, ఏ కోర్సును వేసవిలో మళ్లీ చదవవచ్చో అడగండి. వేసవి తరగతుల నమోదు గడువు దాటిపోతే ఏ సంస్థా చేయగలిగింది ఉండదు.