గుడారంలో ఒకడు, రాజభవనంలో ఒకడు

హాంకాంగ్ రచయిత జిన్ యోంగ్ 1957లో మొదలుపెట్టిన 'ది లెజెండ్ ఆఫ్ ది కాండార్ హీరోస్' అనే కుంగ్‌ఫూ నవలలో గువో జింగ్, యాంగ్ కాంగ్ అనే ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ల తండ్రులు ప్రాణస్నేహితులు. పుట్టకముందే ఇద్దరికీ పేర్లు పెట్టింది ఒకే గురువు.

గువో జింగ్‌ను తల్లి లి పింగ్ మంగోలియా గడ్డి మైదానంలో ఒంటరిగా పెంచింది. వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి, చదువూ విద్యా మెల్లగానే. అయినా ఆరేళ్లప్పుడు, గాయపడిన జెబె అనే విలుకాడు ఎక్కడ దాక్కున్నాడో చెప్పమని కొరడాతో కొట్టినా నోరు విప్పలేదు. ఆ మొండితనం తల్లి పెంపకమే అంటాను.

యాంగ్ కాంగ్‌ను పెంచింది శత్రుదేశపు రాజకుమారుడు వాన్‌యాన్ హోంగ్‌లియే. యాంగ్ కాంగ్ సొంత కుటుంబం నాశనం కావడానికి కారణం కూడా ఇతనే. కానీ ప్రేమలో లోటు చేయలేదు, అడిగిందల్లా ఇచ్చాడు. ఒకసారి దిగులుగా ఉన్న తల్లిని మరిపించడానికి యాంగ్ కాంగ్ కుందేలు కాలు తానే విరిచి, దెబ్బ తగిలిందని తెచ్చి ఇస్తాడు. పాపం, ఆవిడ నమ్మి కట్టు కడుతుంది. నాకు గుండె కలుక్కుమన్నది అక్కడే. ఆ ఇంట్లో వాడికి అడ్డుచెప్పే మనిషే లేడు.

నిజం తెలిశాక కన్నతండ్రి ఎదురుగా నిలబడినా, యాంగ్ కాంగ్ రాజకుమారుడి హోదా వదులుకోలేకపోయాడు. వాణ్ని పూర్తిగా తప్పుపట్టలేను. పద్దెనిమిదేళ్లుగా నాన్నా అని పిలిచింది వాన్‌యాన్‌నే.