బ్యాంకాక్‌లో బస పొడిగింపు: ఒక పాత ఖజానా ఉద్యోగి చూసిన ఇమ్మిగ్రేషన్ కౌంటరు

ఉప ఖజానా కార్యాలయంలో 33 ఏళ్లు పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాడిని నేను. ఇతరులు తెచ్చిన బిల్లుల మీద కొర్రీలు వేయడంలోనే నా జీవితం గడిచింది కాబట్టి, పరాయి దేశపు ప్రభుత్వ కార్యాలయంలో మొదటిసారి కౌంటరుకు ఇవతలి వైపు నిలబడినప్పుడు నా దృష్టి భవనం మీద గానీ చల్లదనం మీద గానీ నిలవలేదు. లోపల కూర్చున్న మనిషి ఏ కాగితం ముందు తిప్పుతున్నాడు, ఏ కాగితం దగ్గర ఆగుతున్నాడు అన్నదే చూస్తూ ఉండిపోయాను. బ్యాంకాక్ ఛేంగ్ వత్థన రోడ్డులోని ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో పర్యాటకుల బస గడువు పొడిగించే సేవను గురించి, ఆ తరువాత భారత రాయబార కార్యాలయం లేఖతో చేసిన రెండో పొడిగింపు గురించి ఇక్కడ రాస్తున్నాను. మొదటిదానికి అయిదులో నాలుగున్నర మార్కులు నిస్సంకోచంగా వేస్తాను. రెండోదానికి మార్కులు వేయడం కష్టం, ఎందుకంటే అందులో వచ్చిన చిక్కు చాలావరకు నేను తెచ్చిపెట్టుకున్నదే.

మా అమ్మాయికి పురుడు పోయడానికి నేనూ నా భార్యా 2024 డిసెంబరు 2న తెనాలి నుండి బయలుదేరి హైదరాబాదు మీదుగా బ్యాంకాక్ చేరాము. 2024 జూలై 15 నుండి భారతీయులకు వీసా లేకుండానే 60 రోజుల బసను థాయ్‌లాండ్ అనుమతించింది గనుక, విమానాశ్రయంలో ముద్ర వేయించుకోవడం తప్ప మాకు వేరే పని పడలేదు. అయితే ఆ 60 రోజుల లెక్కలో దిగిన రోజు కూడా కలిసి ఉంటుంది. మా అల్లుడు వేళ్ల మీద లెక్కపెట్టి జనవరి 31 అన్నాడు. ముద్రలో ఉన్నది జనవరి 30. ఒక్క రోజే కదా అని కొట్టిపారేయడానికి లేదు, గడువు దాటి ఉన్న ప్రతి రోజుకూ 500 బాత్‌ల జరిమానా ఉంది, అది గరిష్ఠంగా 20,000 బాత్‌ల వరకు పెరుగుతుంది. తొంభై రోజులు దాటితే డబ్బుతో పోదు, తిరిగి ఆ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధం పడుతుంది. అందువల్ల ఎవరి లెక్కనూ నమ్మకుండా, ముద్రలోని తేదీని చూసి గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో సున్నా చుట్టుకోవడం మంచిది.

కాన్పు తేదీ జనవరి మూడో వారంలో పడింది. పిల్ల పుట్టిన పది రోజులకే బాలింతను వదిలి వచ్చే తల్లి మన ఇళ్లలో ఉండదు కాబట్టి, 30 రోజుల పొడిగింపు తప్పదని ముందే తేలిపోయింది. దీనికి రాయబార కార్యాలయంతో సంబంధం లేదు, కారణం చెప్పుకోవలసిన అవసరమూ పెద్దగా లేదు. టిఎం 7 అనే దరఖాస్తు ఫారం, 4 సెంటీమీటర్ల వెడల్పు 6 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఫొటో ఒకటి, పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పుట, ప్రవేశ ముద్ర ఉన్న పుట జిరాక్సులు, 1,900 బాత్‌ల రుసుము ఉంటే చాలు. అప్పటి మారకంలో అది మన రూపాయల్లో సుమారు 4,800. దరఖాస్తును తిరస్కరించినా ఆ రుసుము తిరిగి రాదు.

మా పని ఆగింది అసలు ఈ కాగితాల దగ్గర కాదు. విదేశీయుడు తన ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఆ విషయం ఇమ్మిగ్రేషన్ వారికి తెలియజేయవలసిన బాధ్యత ఆ ఇంటి యజమానిది. దాన్ని టిఎం 30 అంటారు. హోటళ్లు ఆ పనిని వాటంతట అవే చేస్తాయి గనుక హోటల్లో దిగినవారికి ఈ మాటే వినపడదు. అద్దె ఇంట్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే మనలాంటి తల్లిదండ్రులకే ఇది ముల్లు. మా అమ్మాయి వాళ్ల ఇంటి యజమానురాలు అద్దె విషయంలో ఎంత నిక్కచ్చి మనిషో ఈ కాగితం విషయంలో అంత నిదానం. మూడుసార్లు సందేశం పంపిన తరువాత, జనవరి 20వ తేదీ దాటాక, ఆమె ఆన్‌లైన్‌లో నమోదు చేసి రసీదు పంపింది. ఆ రసీదు లేకుండా వెళ్లి ఉంటే కౌంటరు దాకా వెళ్లి తిరిగి రావలసి వచ్చేదని నాకు అక్కడి వరుసలో నిలబడ్డాక అర్థమైంది.

కార్యాలయం ప్రభుత్వ కార్యాలయాల సముదాయంలోని బి భవనంలో ఉంది. స్కైట్రైన్ సుఖుంవిత్ మార్గంలో వాట్ ఫ్రా శ్రీ మహాథాత్ స్టేషను దాకా వెళ్లి, అక్కడ పింక్ లైను మోనోరైలు ఎక్కితే ఆ సముదాయం పేరుతోనే స్టేషను ఉంది. 2024 జనవరికి ముందు వెళ్లినవారు టాక్సీల గురించి రాసిన కష్టాలను ఇక పట్టించుకోనక్కరలేదు. స్టేషను నుండి భవనానికి కాస్త నడక ఉంది, ఎండలో మోకాళ్ల నొప్పులవారిని నడిపించవద్దు. పనివేళలు ఉదయం 8:30 నుండి సాయంత్రం 4:30 వరకు, మధ్యాహ్నం 12 నుండి ఒంటిగంట వరకు భోజన విరామం. పదకొండున్నరకు వచ్చినవాడు ఆ విరామాన్ని కూడా తన ఖాతాలో వేసుకోవలసిందే.

మేము జనవరి 23న ఎనిమిది గంటలకే చేరుకున్నాము. ముందుగా ఒక బల్ల దగ్గర కాగితాలు చూసి, అన్నీ ఉంటేనే టోకెను ఇస్తారు. నా 33 ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఏ కార్యాలయానికైనా ప్రాణం ఈ బల్లే. లోపం ఉంటే రెండు గంటలు కూర్చోబెట్టాక కాదు, గుమ్మంలోనే చెప్పాలి. అక్కడ కూర్చున్న అమ్మాయి మా జిరాక్సులను పేక ముక్కల్లా గబగబా తిప్పి, ఒక నీలం సిరా కలాన్ని మా ముందుకు తోసి, ప్రతి జిరాక్సు మీదా సంతకం చేయమని వేలితో చూపించింది. స్వీయ ధ్రువీకరణ అన్నమాట. మన దగ్గర గెజిటెడ్ అధికారి కోసం తిరిగిన రోజులు గుర్తుకొచ్చి నవ్వు వచ్చింది. నా భార్య తెలుగులో సంతకం చేస్తుంది. పాస్‌పోర్టులోనూ అదే ఉంది. ఆ అమ్మాయి రెండు సంతకాలను పక్కపక్కన పెట్టి, అక్షరాలు చదవలేకపోయినా చుట్లూ ఒంపులూ పోల్చి చూసి, తృప్తిగా తల ఊపింది.

ఫొటో తెచ్చుకోనివారికి, జిరాక్సు మరిచినవారికి అదే భవనంలో దుకాణాలు ఉన్నాయి, భోజనశాల ఉంది, బ్యాంకులు ఉన్నాయి. గడువు దాటితే పడే శిక్షలు నాకు తెలుసునని ఒప్పుకుంటూ మరో కాగితం మీద కూడా సంతకం పెట్టించుకున్నారు. కౌంటరులోని అధికారి చిన్న కెమెరాతో మళ్లీ ఒక ఫొటో తీసి, రుసుము తీసుకుని రసీదు ఇచ్చి, పాస్‌పోర్టులు తన దగ్గరే ఉంచుకుని కూర్చోమన్నాడు. పదకొండు గంటలకు ముందే ఇద్దరి పాస్‌పోర్టులూ చేతికి వచ్చాయి. కొత్త గడువు మార్చి 1. ముందుగా వెళితే రోజులు నష్టపోతామేమోనని భయపడేవారి కోసం చెబుతున్నాను: 30 రోజులను దరఖాస్తు చేసిన నాటి నుండి కాక, పాత గడువు ముగిసిన నాటి నుండి లెక్కించారు. కనుక చివరి రోజు దాకా ఆగి ఆయాసపడటంలో లాభం ఏమీ లేదు.

ఇంతటితో ఆగి ఉంటే ఈ సమీక్ష ఇక్కడే ముగిసేది. ఫిబ్రవరి మూడో వారంలో మా అమ్మాయికి ఆపరేషను గాయం చీము పట్టి, మళ్లీ ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఒడిలో నెల రోజుల పసికందు. అల్లుడి సెలవులు అయిపోయాయి. నా భార్య అక్కడ ఉండక తప్పదు, చేతిలో ఉన్న గడువేమో మార్చి 1.

పర్యాటకుడిగా ఒకసారి 30 రోజులు పొడిగించుకున్నాక అదే పద్ధతిలో మరో 30 రోజులు అడగడానికి వీలు లేదు. అయితే థాయ్ నియమాల్లో రెండు దారులు ఉన్నాయి. ఒకటి, చికిత్స పొందుతున్నవారికి, వారిని చూసుకునేవారికి వైద్యుని ధ్రువపత్రం మీద ఇచ్చే పొడిగింపు. రెండోది, అత్యవసర కారణాన్ని దరఖాస్తుదారుని దేశపు రాయబార కార్యాలయం ధ్రువీకరించి, పొడిగించమని అభ్యర్థించినప్పుడు ఒక్కో విడతకు 30 రోజులు మించకుండా ఇచ్చేది. విమానాలు ఆగిపోయిన 2020లో చాలామంది ఆశ్రయించినది ఈ రెండో దారినే.

మొదటి దారే మాకు సహజమైనది. కానీ దానికి తల్లీకూతుళ్ల బంధుత్వానికి రుజువు కావాలి, అక్కడ అడ్డుపడింది మన ఇంటిపేరు. పెళ్లయ్యాక మా అమ్మాయి పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు చేరింది. మన పాస్‌పోర్టు చివరి పుటలో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి కదా అని ధీమాగా చూపించాను. అక్కడ తల్లి పేరు ఇంటిపేరు లేకుండా వట్టి పేరుగా ఉంది, నా భార్య పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది, పైగా ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా. తెలుగువాడికి ఒక్క చూపులో అర్థమయ్యే విషయం థాయ్ అధికారికి ఇద్దరు వేరు వేరు స్త్రీల పేర్లలా కనపడటంలో వింత లేదు. ఆయన స్థానంలో నేను ఉన్నా కొర్రీ వేసేవాడినే. రాయబార కార్యాలయం నుండి లేఖ తెమ్మన్నాడు.

సుఖుంవిత్ 23వ సందులోని మన రాయబార కార్యాలయానికి ఆసుపత్రి ధ్రువపత్రం, ముగ్గురి పాస్‌పోర్టుల ప్రతులు, మా అమ్మాయి జనన ధ్రువపత్రం తీసుకుని వెళ్లాము. ఆసుపత్రి కాగితం మీద సంవత్సరం 2568 అని ఉండటం చూసి ఖజానా బుద్ధి కొద్దీ తప్పు పట్టబోయాను. అది బౌద్ధ శకమని, మన 2025కు 543 కలపాలని అల్లుడు చెప్పి నన్ను ఆపాడు. అక్కడ విన్నపం రాసింది నేనే. ఉద్యోగ జీవితమంతా చూసిన నిరభ్యంతర పత్రాల అలవాటుతో, నా భార్య మరికొంత కాలం ఉండటానికి భారత పక్షాన అభ్యంతరం లేదని తెలిపే లేఖ ఇప్పించమని కోరాను. అడిగిన లేఖే వచ్చింది. ఫిబ్రవరి 26న దాన్ని తీసుకుని కౌంటరుకు వెళితే, అధికారి రెండుసార్లు చదివి, పెన్సిలుతో ఆ వాక్యం కింద గీత గీసి, లేఖను మెల్లగా నా వైపు తిప్పాడు. అభ్యంతరం లేదనడం వేరు, అభ్యర్థించడం వేరు. ఈమె ఫలానా రోగికి తల్లి అని ధ్రువీకరిస్తున్నాము, ఈ కారణం చేత బసను పొడిగించవలసిందిగా అభ్యర్థిస్తున్నాము అనే రెండు క్రియలూ లేఖలో ఉండాలి. ఆ మాట వినగానే, ఒక్క పదం తేడాకు నేను వెనక్కి పంపిన బిల్లులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

కాబట్టి లేఖ అడగబోయేవారు ముందుగా ఇమ్మిగ్రేషన్ కౌంటరులోనే ఏ వాక్యం కావాలో అడిగి రాసుకుని, ఆ తరువాతే రాయబార కార్యాలయానికి వెళ్లాలి. అలాంటి లేఖ హక్కు కాదన్నది కూడా మరువకూడదు. ఇంకో నెల సముద్రతీరాలు చూడాలనే కోరికకు ఏ దౌత్య కార్యాలయమూ అభ్యర్థన రాయదు, రాయకూడదు కూడా. అలాంటివారు మలేషియాకో లావోస్‌కో వెళ్లి తిరిగి రావడమే మేలు, అదీ పదే పదే చేస్తే సరిహద్దులో ప్రశ్నలు ఎదురవుతాయి. ఇమ్మిగ్రేషన్ భవనం బయట మాకు తారసపడిన ఒక ఏజెంటు, రుసుముకు మూడింతలు ఇస్తే లేఖ లేకుండానే ముద్ర తెప్పిస్తానన్నాడు. పాస్‌పోర్టు తన దగ్గర వదిలి వెళ్లమన్నాడు. చలానా నంబరు లేని ఏ చెల్లింపునూ నమ్మని మనిషిని నేను. నమస్కారం పెట్టి వచ్చేశాను.

నా కోసం పొడిగింపు అడగలేదు. తల్లి రోగిని చూసుకుంటుందంటే ఎవరైనా నమ్ముతారు. ఉదయం పూట పత్రిక చదివి, సాయంత్రం మనవరాలిని భుజాన వేసుకుని తిప్పే తాతగారికి అత్యవసర కారణం ఏమిటని ఏ అధికారి అడిగినా నా దగ్గర జవాబు లేదు. 27వ తేదీ ఉదయం సరిచేసిన విన్నపం రాసి ఇచ్చి, ఆ రాత్రి విమానానికే బయలుదేరాను. సాయంత్రానికి కొత్త లేఖ అల్లుడి చేతికి వచ్చింది. మార్చి 1 శనివారం కావడంతో 28వ తేదీ శుక్రవారమే చివరి పనిదినం. నేను ఇంటికి చేరి, తాళం తీసి, దుమ్ము పట్టిన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న మధ్యాహ్నం వేళ వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. ముద్ర కొంచెం వంకరగా పడింది. కళ్లద్దాలు సర్దుకుని తేదీ చూశాను, మార్చి 31. వేళ్ల మీద మరోసారి లెక్కపెట్టాను. 30 రోజులు సరిపోయాయి.