గాలికి పైకప్పు లేచిపోతే బీమా క్లెయిమా, చేతి డబ్బా?

తుపాను దాటాక అల్లూరులోనైనా కొత్తపట్నంలోనైనా మొదట అడిగేది "సచివాలయం వాళ్లు రాసుకుపోయారా?" అనే. కాబట్టి ముందు ఆ సర్కారు సాయం సంగతి తేల్చేద్దాం. 2022-26 విపత్తు సాయం నిబంధనల్లో, మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికైతే 6,500. గోడలు నిలబడి కప్పు మాత్రమే పోయిన ఇంటిని రెండో లెక్కలో రాసే అవకాశమే ఎక్కువ. రేకులు, హుక్కు బోల్టులు, మేస్త్రి కూలి కలిపితే ఆ 6,500 ఏ మూలకు? వస్తే తీసుకోండి, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక మిగిలింది క్లెయిమా, సొంత డబ్బా అన్నదే.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక బీమా పాలసీ వచ్చింది. తుపాను, వరద, పిడుగు, ఇంటి మీద చెట్టు పడడం అన్నీ ఇందులో ఉన్నాయి. పెరట్లో కొబ్బరిచెట్లున్న మన తీరం ఊళ్లకు ఆ చివరిది చిన్న విషయమేం కాదు. ఇంటి విలువ తక్కువ రాయించారని ఆ దామాషాలో కోత వేయడం కూడా లేదు.

ఇందులో లేనిది అరుగుదల, అంటే పాతబడి పాడవడం. ఏళ్ల తరబడి ఉరుస్తున్న మిద్దెకు, పెచ్చులూడుతున్న స్లాబుకు క్లెయిమ్ పెట్టడం దండగ. రేకుల ఇళ్లకూ చిక్కు ఇక్కడే. ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి. నష్టం చూడ్డానికి కంపెనీ పంపే సర్వేయరు ఆ తుప్పును ఫొటో తీస్తే, గాలికి కాదు, పాతబడి ఊడింది అనడానికి కంపెనీకి దారి దొరికినట్టే. అందుకే అక్టోబరులో ఈశాన్య వానలు మొదలయ్యేలోపే కప్పు బాగున్నప్పటి ఫొటోలు తేదీతో సహా దాచుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర, కానీ నెల్లూరునూ ముంచెత్తింది. మన ఊళ్లో ఆ రోజు గాలివాన ఉందని చూపడానికి పేపరు కటింగు కూడా పనికొస్తుంది.

క్లెయిముకు ఓపిక కావాలి. కంపెనీకి వెంటనే చెప్పాలి, సర్వేయరు చూసేదాకా విరిగిన రేకులు పారేయకూడదు. అలాగని తడుస్తూ కూర్చోమని కాదు. ముందు ఫొటోలు తీసి, టార్పాలిన్ కప్పేయండి. నష్టం పెరగకుండా చూడడం పాలసీదారు బాధ్యతే. బిల్లు మాత్రం ఉంచండి. ఇంకోటి, సిమెంటు రేకు పోతే సిమెంటు రేకు లెక్కే కడతారు. పనిలో పనిగా కలర్ షీటు వేద్దామనుకుంటే పై తేడా మనదే.

హోమ్ లోన్ ఉన్నవాళ్లు ఓసారి బ్యాంకు కాగితాలు తిరగేయండి. లోనుతోపాటే పాలసీ కట్టించి ఉండొచ్చు, మీకే గుర్తుండదు. డబ్బు ముందు బ్యాంకుకు వెళ్లే షరతు ఉందేమో కూడా చూసుకోండి.

కంపెనీ కాదంటే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చడానికి హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరుతో పనిలేదు. "అన్నా, నువ్వు సంతకం పెట్టు, మిగతాది మేం చూసుకుంటాం" అనే మధ్యవర్తికి ఖాళీ ఫారం ఇచ్చారో, టెన్షన్ కొనుక్కున్నట్టే. అతను పాత పగుళ్లను కూడా తుపాను ఖాతాలో రాస్తే న్యాయంగా రావాల్సిందీ పోతుంది.

నన్నడిగితే రెండు మూడు రేకులు పగిలిన ఇంటికి చేతి డబ్బే నయం. ఆ కాస్త మొత్తం కోసం ఫారాలు, ఫోన్లు, ఎదురుచూపులు ఎందుకు? పని ఆ రోజే అయిపోతుంది. సగం కప్పు లేచిపోయినా, చెట్టు పడి దూలాలు విరిగినా మాత్రం క్లెయిమే, మొహమాటం అక్కర్లేదు. పాలసీ లేనివాళ్లకు ఈసారికి సొంత డబ్బే గతి. వెనక తేదీతో పాలసీ ఇప్పిస్తామంటే నమ్మకండి. కొత్త కప్పు వేశాక ఆ బిల్లులు, ఫొటోలు దగ్గర పెట్టుకుని, వచ్చే తుపానులోపు పాలసీ తీసుకోండి.