ఫ్రీ వైఫైనా, సొంత హాట్‌స్పాటా?

మహబూబ్‌నగర్ బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం కూర్చుని ఫోన్ తీస్తే చుట్టుపక్కల వైఫై పేర్లు నాలుగైదు కనబడతాయి. తాళం గుర్తు లేనిదాన్ని నొక్కాలని ఎవరికైనా అనిపిస్తుంది.

బ్యాంకు యాప్‌లు, హెచ్‌టీటీపీఎస్ సైట్లు (అడ్రస్ https తో మొదలయ్యేవి) డేటాను తామే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని కోడ్‌గా మార్చేస్తాయి. కాబట్టి పక్క బెంచీ మీదివాడు పాస్‌వర్డ్ చదివేస్తాడన్న టెన్షన్ ఇప్పుడు తక్కువే. నా భయం వేరే. అదే పేరుతో ఎవరైనా నకిలీ వైఫై పెట్టొచ్చు. కనెక్ట్ కాగానే లాగిన్ పేజీ వస్తుంది. ఫోన్ నంబరు, ఓటీపీ అడగడం మామూలే. కానీ వచ్చిన మెసేజ్ చదవండి: అది వాట్సాప్ కోడో, బ్యాంకు కోడో అయితే అక్కడే ఆపేయండి. జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగినా అంతే.

సొంత డేటాలో ఈ గొడవ లేదు. ఫోన్‌కూ టవర్‌కూ మధ్య ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇస్తే పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలుండాలి, మీ ఫోన్ నంబరు మాత్రం పెట్టకండి. బ్యాటరీ సంగతంటారా, షాద్‌నగర్ వచ్చేసరికి ఛార్జర్ వెతుక్కోవాల్సిందే.

క్రికెట్ స్కోరుకు ఫ్రీ వైఫై చాలు. డబ్బులు పంపాలంటే నేను వైఫై ఆపేసి డేటాకే మారతాను. పని అయ్యాక ఆ వైఫైని 'ఫర్గెట్' కొట్టండి, లేదంటే అదే పేరు మళ్లీ కనబడగానే ఫోన్ అడక్కుండానే అతుక్కుంటుంది.